తన పెట్టెను తానే చేసుకున్నవారు

పాఠ్యభాగము: ఆదికాండము 23వ అధ్యాయము, 49:29–33, 50:22–26



మన ఇళ్లలో సమాధి పెట్టె మాట ఎవరైనా ఎత్తితే "ఛీ, అవేం మాటలు" అని నోరు మూయిస్తాము. రోగి మంచం దగ్గరైతే ఇక చెప్పనక్కరలేదు. అందువలన ఆ మాట మాట్లాడుకోవలసి వచ్చేది, చెప్పవలసిన మనిషి లేకుండా పోయిన నాడే. ఇంటివారు ఏడుస్తుండగా ఎవరో బంధువు వెళ్లి దొరికిన పెట్టె తెస్తాడు. ఏ తోటలో సమాధి చేయాలి, ఏ పాటలు పాడాలి, ఎవరికి కబురు పంపాలి, అన్నీ కొద్ది గంటల్లో తేలిపోవాలి. చాలా ఇళ్లలో అప్పు పుట్టేది కూడా ఆ గంటల్లోనే.

న్యూజిలాండ్ దేశంలో రోటోరువా అనే పట్టణమున్నది. అక్కడ కేటీ విలియమ్స్ గారు అనే విశ్రాంత నర్సు, చివరి దశలో ఉన్న రోగులకు ఉపశమన సేవ చేసినవారు, 2010లో ఒక వృద్ధుల కూడికలో తన పెట్టెను తానే చేసుకోవాలని ఉన్నదని చెప్పారు. ఆమె ఎన్నో భూస్థాపనలకు వెళ్లారు. పోయిన మనిషి ఎలా బ్రతికాడో ఆ కార్యక్రమాల్లో ఏమీ కనబడటం లేదని ఆమె బాధ. ఆమెకు వడ్రంగం రాదు. అయినా పని తెలిసిన పెద్దవారు కొందరు తోడు వచ్చారు. ఆమె ఇంటి దగ్గరే పని మొదలైంది. అదే కివీ కాఫిన్ క్లబ్ అయింది. తరువాత ఆ దేశంలో ఇతర ఊళ్లలోనూ, బ్రిటన్, ఆస్ట్రేలియాలలోనూ ఇలాంటి సంఘాలు వెలిశాయి.

అక్కడ పని ఇలా సాగుతుంది. ముందు మనిషి ఎత్తు, భుజాల వెడల్పు కొలుస్తారు. చేయి తిరిగినవారు పలకలు కోసి బిగించి ఇస్తారు. రంగు వేయడం, బొమ్మలు అతికించడం, లోపల గుడ్డ కుట్టడం ఎవరి పెట్టెకు వారే. పూలు గీసుకున్నవారున్నారు, అభిమాన గాయకుని బొమ్మలు అతికించుకున్నవారున్నారు. (ఇది మన పెద్దలకు వింతగా తోచవచ్చు. మాకైతే అందులో తప్పు కనబడలేదు.) పూర్తయిన పెట్టెను ఇంటికి తీసుకుపోయి అందులో దుప్పట్లు దాచుకునేవారూ ఉన్నారట! 2016లో వచ్చిన వార్తల ప్రకారం ఒక పెట్టెకు సభ్యులకు అయిన ఖర్చు సుమారు 250 న్యూజిలాండ్ డాలర్లు. బయట కొంటే వేలల్లో అవుతుంది.

మమ్మల్ని ఎక్కువగా కదిలించింది మరొక సంగతి. ఆ సభ్యులు చంటిబిడ్డల కోసం చిన్న పెట్టెలు కూడా చేసి ఆసుపత్రికి ఉచితంగా ఇస్తారు. కాన్పు గదిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు పెట్టె కోసం బజారుకు పోవడం ఎలాంటిదో, ఆసుపత్రిలో పనిచేసేవారికి వేరే చెప్పాలా?

ఇక వాక్యంలోకి వద్దాము. శారా చనిపోయినప్పుడు అబ్రాహాముకు ఆ దేశంలో సమాధి స్థలం లేదు. దుఃఖంలోనే లేచి హేతు కుమారులతో మాట్లాడవలసి వచ్చింది. ఎఫ్రోను చెప్పిన 400 తులాల వెండి తూచి ఇచ్చి మక్పేలా పొలము కొన్నాడు. యాకోబు అలా కానివ్వలేదు. ఊపిరి ఉండగానే కుమారులను పిలిచి, తనను ఏ గుహలో పెట్టాలో, అక్కడ ఇప్పటికే ఎవరెవరు ఉన్నారో వివరంగా చెప్పాడు. అతడు పోయిన తరువాత కుమారులకు ఎక్కడ అన్న సందేహం రాలేదు. యోసేపు కూడా తన ఎముకల విషయమై ముందే ప్రమాణము చేయించుకున్నాడు. ఐగుప్తులో పెట్టెలో ఉంచిన ఆ దేహాన్ని మోషే మరువక తీసుకొని వెళ్లాడు.

మన రెండు గదుల ఇళ్లలో పెట్టె చేయించి పెట్టుకోమని మేము చెప్పడం లేదు. చెదలు పట్టడం ఒకటి, ఇరుగుపొరుగువారి మాటలు ఒకటి. అయినా కోరిక ఉన్నవారు వడ్రంగితో ముందే మాట్లాడుకోవచ్చు. మట్టిలో కలిసేదానికి ఖరీదైన పాలిష్ అక్కరలేదు. అడుగు పలక, పిడులు మాత్రం గట్టిగా ఉండాలి. ఉబ్బసము, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు చెక్క గీకే చోట, రంగు వేసే చోట కూర్చోకూడదు. వారు బొమ్మ ఎంచుకుంటే చాలు, గుడ్డ కుడితే చాలు.

చావు గురించి మాట్లాడితే చావు త్వరగా వస్తుందన్న భయానికి ఆధారం లేదు. చాలామంది రోగులకు ఆ మాట మనసులో ఉంటుంది, పిల్లలు బాధపడతారని దాచుకుంటారు. పిల్లలేమో అమ్మ బాధపడుతుందని దాచుకుంటారు. నొప్పి తగ్గి, తెలివిగా ఉన్న పూట మెల్లగా అడగండి: "అమ్మా, నీకు ఏ పాటంటే ఇష్టం? నాన్న పక్కనే ఉండాలని ఉందా?" జవాబు ఇవ్వకపోతే ఆ రోజుకు వదిలేయండి. బలవంతపెట్టవద్దు.

చెప్పినది ఒక కాగితం మీద వ్రాసుకోండి: సమాధి స్థలము, పెట్టె ఎలాంటిది, బట్టలు, పాటలు, వాక్యము, ఖర్చు ఎంతకు మించకూడదు, ఎవరు ముందు నిలబడి చూసుకోవాలి. దానిపై వారి సంతకమో వేలిముద్రో తీసుకొని, ఒక ప్రతి పాస్టరుగారికి ఇచ్చి, మరొకటి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. బీరువాలో తాళం వేసి పెట్టవద్దు. ఆ రోజున తాళంచెవి ఎవరికీ దొరకదు.