మావాడికి డేరింగ్ తక్కువండీ!

ఈ మాట అనే అమ్మానాన్నల గొంతులో ఫిర్యాదు కన్నా బెంగే ఎక్కువ. రేపు నలుగురిలో ఎలా నెగ్గుకొస్తాడోనని. పిల్లల్ని కన్నవాళ్లం, మనందరికీ ఉండే బెంగే అది.

డేరింగ్ అనగానే మన తరానికి సినీహీరో కృష్ణగారు గుర్తొస్తారు. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో కౌబాయ్ కథను, 1986లో ‘సింహాసనం’తో 70 ఎం.ఎం. తెరను తెలుగుకు తెచ్చారు. బయట మాత్రం మితభాషి. మరి పిల్లల దగ్గరికి వచ్చేసరికి చుట్టాల ముందు గడగడా రైమ్ చెప్పడమే డేరింగ్ అని ఎందుకనుకుంటున్నాం?

కొత్తవాళ్లు రాగానే అమ్మ కొంగు వెనక్కి చేరిన బిడ్డ ఊరికే ఉండడు. ఈయనెవరు, ఎందుకింత గట్టిగా నవ్వుతున్నాడు, నేను తప్పు చెబితే అందరూ నవ్వుతారా... లోపల ఇదే పని. 1956లో న్యూయార్క్‌లో పిల్లల స్వభావాలపై అధ్యయనం మొదలుపెట్టిన థామస్, చెస్ దంపతులకు ఇలా నిదానంగా కలిసే పిల్లలు నూటికి పదిహేను మంది దాకా కనిపించారు. హార్వర్డ్‌లో మనస్తత్వవేత్త జెరోమ్ కేగన్ నాలుగు నెలల పసికందుల్లోనే ఈ తేడా గమనించారు. కొత్త బొమ్మలు, శబ్దాలకు కాళ్లూ చేతులూ కొట్టుకుని ఏడ్చిన పిల్లలు తర్వాత బిడియస్తులయ్యే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువని తేలింది. కాబట్టి ‘మా పెంపకంలోనే లోపం ఉందేమో’ అని కుమిలిపోకండి.

అలాగని వదిలేయకూడదు. “పేరేంటి నాన్నా?” అని ఎవరైనా అడిగితే వాడు నోరు విప్పేలోపే మనం చెప్పేస్తాం. ప్రేమతోనే. కానీ ‘ఇది నా వల్ల కాదు’ అని వాడికి రూఢి అయ్యేది అక్కడే. అతిగా అడ్డుపడి కాపాడితే ఇలాంటి పిల్లల్లో భయం నిలిచిపోతుందని కేగన్ బృందమూ చూసింది. కాసేపు ఆగుదాం. పెళ్లికి వెళ్తుంటే అక్కడ ఎవరెవరుంటారో ముందే చెప్పి, జనం చేరకముందే వెళదాం. కిరాణా కొట్లో బిస్కెట్ ప్యాకెట్ వాణ్నే అడగనిద్దాం. వాడు వింటుండగా “వీడికి సిగ్గండీ” అనకుండా ఉందాం, అది వాడికి రెండో పేరైపోతుంది.

ఇంట్లో గలగలా మాట్లాడే బిడ్డ బడిలో నెల దాటినా పెదవి విప్పకపోతే మాత్రం మొండితనం అనుకోవద్దు. పిల్లల మానసిక నిపుణులకు చూపించాలి. దానికి మంచి చికిత్స ఉంది.

ఇంకొక్క మాట. వణుకుతూ వచ్చి “అమ్మా, గ్లాసు నేనే పగలగొట్టాను” అంటాడే, అంతకు మించిన డేరింగ్ ఏముంది? అప్పుడు గ్లాసు గురించి అరిస్తే ఈసారి చెప్పడు. ముందు దగ్గరికి తీసుకుని, నిజం చెప్పినందుకు మెచ్చుకోండి. గాజుముక్కలు ఆ తర్వాత ఎత్తుకోవచ్చు.