మన రౌటర్, పొరుగింటి రౌటర్

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఇప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో అపార్ట్‌మెంట్లు, హాస్టళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉన్నాయి. దాదాపు ప్రతి ఇంట్లో ఒక రౌటర్ ఉంటుంది. రాత్రి ఎనిమిది దాటేసరికి అందరూ ఒకేసారి వాడతారు, పిల్లల ఆన్‌లైన్ పాఠం మధ్యలో ఆగిపోతుంది. వెంటనే చాలామంది ఇంకా ఖరీదైన ప్లాన్‌కు మారతారు. నెలనెలా ఆ డబ్బు కట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేద్దాం.

రౌటర్‌కు కేబుల్‌తో కంప్యూటర్ కలిపి వేగం చూడండి. అక్కడా తక్కువే వస్తే లోపం బయటి లైనులో ఉండవచ్చు, కంపెనీవారికి చెప్పాలి. కేబుల్‌తో బాగుండి, వైర్‌లెస్‌తో తగ్గితే మాత్రం ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

కారణం తెలుసుకుందాం. ఇంటి రౌటర్లు ఎక్కువగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి. 2.4 తరంగాలు గోడలు దాటి దూరం పోతాయి. అందువల్లే పొరుగువారి సిగ్నల్ మన ఇంట్లోకి, మనది వారి ఇంట్లోకి వెళుతుంది. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ బ్యాండ్‌లోనే ఉన్నాయి. మన దేశంలో 2005 నుంచి దీనికి లైసెన్సు అక్కరలేదు. అంటే ఇది అందరి ఉమ్మడి దారి.

ఈ దారిలో 13 ఛానళ్ళు ఉన్నాయి. వాటి మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, ఒక్కో సిగ్నల్ వెడల్పు మాత్రం 20. కాబట్టి ఒకదానిపై ఒకటి పడకుండా 1, 6, 11 మాత్రమే మిగులుతాయి. ఒకే ఛానల్‌లోని రౌటర్లు, ఒకే తరగతిలోని పిల్లల్లాగా, వంతులవారీగా మాట్లాడతాయి. ఎవరైనా 3 ఎంచుకుంటే అది 1కీ, 6కీ పక్క తరగతి గోలలా వినిపిస్తుంది. ముగ్గురికీ నష్టమే.

ఇక చేయవలసిన పనులు:

1. రౌటర్‌ను అల్మారాలోంచి, టీవీ వెనుక నుంచి తీసి ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున పెట్టండి.

2. రౌటర్ అడుగున ఉన్న చీటీలో దాని చిరునామా ఉంటుంది. చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1. బ్రౌజర్‌లో అది టైపు చేసి, లాగిన్ అయి, వైర్‌లెస్ సెట్టింగ్స్ తెరవండి.

3. 2.4లో 1, 6, 11లలో రద్దీ తక్కువ ఉన్న ఛానల్ ఎంచుకోండి. వెడల్పు 20 ఉంచండి. 40 పెడితే ఉమ్మడి దారిలో సగం మనమే ఆక్రమించినట్టు.

4. పాఠాలు వినే ఫోన్‌ను, ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు కలపండి. అందులో ఛానళ్ళు ఎక్కువ, గోడ దాటి పోయేది తక్కువ. దూరపు గదికి మాత్రం 2.4 మేలు.

5. భద్రతలో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోండి. పాత డబ్ల్యూఈపీ వద్దు. వైఫై పాస్‌వర్డ్‌తోపాటు రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. మన కనెక్షన్‌తో ఎవరైనా మోసం చేస్తే మొదట వెతుక్కుంటూ వచ్చేది మన చిరునామాకే.

ఒక్కో మార్పు చేసిన తర్వాత, రద్దీ వేళలోనే మళ్ళీ వేగం చూసి కాగితంపై రాసుకోండి. లాభం లేకపోతే పాత సెట్టింగ్‌కు మార్చేయవచ్చు.

ఒకే అంతస్తులో ఉన్నవారు కూర్చొని 1, 6, 11 పంచుకుంటే ఇంకా మంచిది. పది నిమిషాల మాటతో అయ్యే పని ఇది. మన పిల్లవాడి పాఠంతోపాటు పక్కింటి అమ్మాయి పరీక్ష కూడా ఆగకుండా సాగుతుంది.