చింత బోన్సాయ్: ఏ ఏడు ఏ పని

లోతు తక్కువ తొట్టిలో ఒదిగి ఉంటూనే పొలం గట్టు మీది ముదురు చెట్టు రూపాన్ని చూపే మొక్కను బోన్సాయ్ అంటారు. ఈ పద్ధతి చైనాలో పుట్టి జపాన్‌లో స్థిరపడినదే అయినా, అందుకు కావలసిన లక్షణాలు తెలుగునాట చింతకు నిండుగా ఉన్నాయి. దాని చిట్టి ఆకులు చిన్న చెట్టు కొలతకు అమరుతాయి, వయసుతో బెరడు పగుళ్లు తేలుతుంది, కొమ్మను కోసినచోట కొత్త చిగురు వేస్తుంది. అయితే మొలకను తొలి ఏడాదే చిన్న తొట్టికి ఎక్కిస్తే కాండం ఏళ్ల తరబడి పుల్లలాగే ఉండిపోతుంది. కాండాన్ని లావెక్కించేది అడ్డులేకుండా పెరిగే ఆకూ వేరూ కనుక, ముందు వేరు, తరువాత కాండం, ఆపై కొమ్మలు, చివరకు తొట్టి అనే వరుసను పెంపకందారులు తప్పకూడదు.

మొదటి రెండేళ్లు: వేరు

పండిన కాయల గింజలను ఒక రోజంతా నీటిలో నానబెట్టి వేసవిలోనే విత్తుకుంటే తొలకరి నాటికి నారు అందివస్తుంది. చింతకు తల్లివేరు, అంటే నిలువుగా లోతుకు దిగే ప్రధాన వేరు, బలంగా ఉంటుంది. మొక్క నాలుగైదు ఆకులు తొడిగాక ఈ తల్లివేరును సగానికి కత్తిరించి, కింద చదునైన పెంకు ముక్కను ఉంచి నాటితే పక్క వేర్లు నలువైపులా పరుచుకుంటాయి. మొదలు చుట్టూ నేలపై తేలి కనిపించే ఈ వేర్ల అమరికను జపాన్ పెంపకందారులు నెబారి అంటారు. దీనిని తొలి ఏళ్లలో సరిచేసినంత తేలికగా తరువాత సరిచేయడం సాధ్యం కాదు.

మూడు నుంచి ఆరో ఏడు: కాండం

ఈ దశలో మొక్కను నీరు నిలవని మడిలోనో పెద్ద కుండీలోనో నాటి, కత్తెర వేయకుండా ఏపుగా ఎదగనివ్వాలి. కాండం కావలసిన లావు వచ్చాక, మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలి కొత్త చిగురు ఇంకా విచ్చని సమయంలో, కింది పక్కకొమ్మకు కాస్త పైన ఏటవాలుగా కోసి, ఆ పక్కకొమ్మనే కొత్త మొవ్వుగా నిలపాలి. ఇలా రెండు మూడు విడతలు చేస్తే కాండం మొదట లావుగా, పైకి పోనుపోను సన్నగా, సహజమైన వంపులతో తయారవుతుంది. మొదలు ఇంకా లావెక్కాలంటే కింద ఒక కొమ్మను ఉద్దేశపూర్వకంగా పొడవుగా వదిలి, పని పూర్తయ్యాక తీసివేస్తారు.

ఏడో ఏడు నుంచి: కొమ్మలు

ముదిరిన చింత కొమ్మ వంచితే పుటుక్కున విరుగుతుంది కనుక, ఆకుపచ్చదనం ఇంకా పూర్తిగా పోని లేత కొమ్మలకే అల్యూమినియం తీగ చుట్టాలి. తీగ మందం కొమ్మ మందంలో మూడో వంతు ఉండాలి, చుట్టు నలభై ఐదు డిగ్రీల ఏటవాలులో సాగాలి, వంచేటప్పుడు బొటనవేలు వంపు లోపలివైపు ఆనించాలి. వానకాలంలో కొమ్మ త్వరగా లావెక్కుతుంది. తీగ అంచుల వెంట బెరడు ఉబ్బడం కనిపించిన వెంటనే, తీగను విప్పే ప్రయత్నం చేయకుండా చుట్టు చుట్టుకూ ముక్కలుగా కత్తిరించి తీయాలి. విప్పబోతే బెరడు దెబ్బతింటుంది, కొమ్మ కూడా విరగవచ్చు.

తొట్టి మార్పిడి, సంరక్షణ

కొమ్మల అమరిక కుదిరిన తరువాతే, చిగుళ్లు మేల్కొనే ముందు, వేర్లలో సుమారు మూడో వంతు కత్తిరించి చెట్టును లోతు తక్కువ తొట్టిలోకి మార్చాలి. ఎర్రమట్టి, పొడి పోయేలా జల్లించిన ఇటుక ముక్కలు, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమం నీటిని నిలవనివ్వదు. మార్చిన చెట్టును రెండు మూడు వారాలు నీడపట్టున ఉంచి, కొత్త చిగురు సాగాకే ఎండకు అలవాటు చేయాలి. అంతవరకు ఎరువు వేయరాదు.

రోహిణి కార్తె ఎండల్లో పల్చని తొట్టి మట్టి ఒక్క పూటలో ఎండిపోతుంది కనుక, ఉదయం సాయంత్రం అడుగు రంధ్రాల నుంచి నీరు కారేదాకా తడపాలి. వానలు పడ్డాక తొట్టిని ఇటుకలపై ఎత్తి ఉంచాలి, పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బు ద్రావణంతో కలిపి పిచికారీ చేయాలి. చలికాలంలో పెరుగుదల మందగిస్తుంది కాబట్టి మట్టి పైపొర ఆరిన తరువాతే నీరు పోయాలి.

కత్తిరింపులతో ఆకు చిన్నదవుతుంది గాని కాయ పరిమాణం ఆ మేరకు తగ్గదు. పైగా కాపు చెట్టు బలాన్ని లాగేస్తుంది. అందువల్ల కొమ్మలు ఇంకా రూపుదిద్దుకుంటున్న ఏళ్లలో పూత వస్తే తుంచివేసి, రూపం స్థిరపడిన చెట్టుకు మాత్రమే ఒకటి రెండు కాయలు నిలపడం మేలు.