సముద్రం పక్కన మంచినీళ్లు

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే బీచి రోడ్డు మీద ఎప్పుడైనా ప్రయాణం చేశారా? దూరం 25 కిలోమీటర్ల పైచిలుకే. కుడిచేతి వైపు బంగాళాఖాతం, ఎడమచేతి వైపు కొండలు. నడుమ సరుగుడు తోటలు, ఒడ్డుకు లాగిన పడవలు, వలలు బాగుచేసుకొనే జాలరుల పల్లెలు. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లినప్పుడల్లా వారి చూపు అలల మీదనే ఉంటుంది. నేను అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: ఈ ఊళ్లవాళ్లు తరతరాలుగా తాగిన నీళ్లు ఎక్కడివి?

సముద్రపు నీటిలో లీటరుకు సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది తాగటానికి పనికిరాదు గదా!

జవాబుకు ఆనవాలు కొండల పేర్లలోనే ఉన్నది. మంగమారిపేట దగ్గర ఉన్నది తొట్లకొండ. దానికి కొద్ది దూరంలో బావికొండ. తొట్టి, బావి రెండూ నీటి మాటలే. తొట్లకొండ మీది శిథిలాలు 1976లో నౌకాదళం వారి విమాన సర్వేలో కనిపించాయి. 1988 నుంచి 1992 వరకు పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు బయటపడ్డాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోము దేశపు వెండి నాణేలు కూడా దొరికాయి. రెండువేల ఏళ్ల క్రితమే ఈ తీరానికి దూరదేశాలతో వర్తక సంబంధం ఉండేదన్నమాట.

బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలు ఒకేచోట ఉండాలని నియమం. ఈ కొండ ఎత్తు 128 మీటర్లు. పైన ఏరు లేదు. అందుకే వారు రాతిలోనే తొట్లు తొలిచారు. లెక్క వేసి చూడండి. ఒక చదరపు మీటరు రాతిమీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుంటే, 100 చదరపు మీటర్ల బండ మీద లక్ష లీటర్లు! సగం ఆవిరైపోయినా, జారిపోయినా ఇంకా 50,000 లీటర్లు మిగులుతాయి.

కొండ మీద రాతి తొట్టి సరే, కింద పల్లెలో? అక్కడ తొట్టి పని ఇసుకే చేస్తుంది. ఒడ్డుకు కాస్త ఎడంగా ఇసుకలో చెలమ తీస్తే చాలాచోట్ల మంచినీరే ఊరుతుంది. ఇది ఇసుక ఉప్పును వడకట్టటం వల్ల అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. నీటిలో కరిగిన ఉప్పును ఇసుక ఆపలేదు. ఆ నీరు వాన నీరే. మంచినీరు ఉప్పునీటి కంటె తేలిక గనుక దానిమీద తేలుతూ ఉంటుంది.

ఎంత లోతు వరకు? మంచినీటి సాంద్రత ఘనపు మీటరుకు 1,000 కిలోగ్రాములు, సముద్రపు నీటిది 1,025. సముద్ర మట్టానికి పైన మంచినీరు 1 మీటరు, కింద ‘హ’ మీటర్లు ఉందనుకోండి. అడుగున రెండు వైపులా ఒత్తిడి సమానం కావాలి: 1,000 × (హ + 1) = 1,025 × హ. అంటే హ = 40. పైన ఒక్క మీటరు ఉంటే కింద 40 మీటర్లు! దీనిని 19వ శతాబ్దం చివర గుర్తించినవాడు బాడన్ ఘైబెన్ అనే డచ్చి ఇంజనీరు. భీమునిపట్నంలో కూడా డచ్చివారు 17వ శతాబ్దం నుంచి వర్తకం చేశారు, 1825లో ఆంగ్లేయులకు వదిలిపోయారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. తెరచాప ఓడకు రేవంటే సరుకు ఎక్కించే చోటే కాదు, మంచినీళ్ల పీపాలు నింపుకొనే చోటు కూడా.

ఈ లెక్కను తిరగేసి చూడండి. బోర్లతో తోడి నీటిమట్టం ఒక్క మీటరు దించితే, కింద ఉప్పునీరు కాలక్రమాన 40 మీటర్లు పైకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ మంచినీటి బావి కావటానికి ఏళ్లు పట్టవచ్చు.

భీమిలికి కాస్త ఇవతల ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. గత మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటె సుమారు 120 మీటర్లు కిందికి దిగినప్పుడు, బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు చేర్చి పోగుపెట్టింది. రేణువుల మీద ఇనుప ఆక్సైడు పూత ఉండటం వల్ల ఆ ఎరుపు. 2025లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. సినిమాల వాళ్లకు వాటి రంగు కావాలి, నాకు వాటి దాహం ఇష్టం. వాన నీటిని తాగి నేలలోకి దింపేది ఆ ఇసుకే. అలాంటి దిబ్బను చదును చేసి సిమెంటు పరిస్తే ఆ నీరు కాలువ కట్టి సముద్రంలో కలుస్తుంది. దిగువ బావికి చేరదు.

మీ ఇంట్లోనే ఇది చేసి చూడవచ్చు. గాజు గ్లాసులో సగం వరకు ఉప్పునీరు పోసి కాస్త సిరా కలపండి. నీటి పైన చిన్న అట్టముక్క తేలేటట్టు ఉంచి, దానిమీద చెంచాతో మంచినీళ్లు మెల్లగా పోయండి. రెండు పొరలు విడివిడిగా కనిపిస్తాయి. ఇప్పుడు స్ట్రాతో పై పొర నుంచి నీరు పీలుస్తూ, సిరా గీత ఎక్కడికి వస్తుందో గ్లాసు పక్కన స్కేలు పెట్టి కొలవండి.