కోడెదూడను ఎంచే విధానం

పాలు కేంద్రానికి, దూడ బేరగాడికి అన్నట్లు కొందరు సభ్యులు కోడెదూడలను అయినకాడికి అమ్మివేస్తున్నారు. అమ్మేముందు దూడను నిదానంగా పరీక్షించవలసిందని కోరుతున్నాము.

ముందుగా నడిపించి చూడాలి. కాళ్ళు తిన్నగా ఉండి అడుగు సమంగా పడాలి. వెనుక మోకీళ్ళు ఒకదానికొకటి రాసుకునే దూడ సేద్యానికి నిలవదు. ముందుకాళ్ళ మధ్య ఎడం, పక్కటెముకలకు మంచి వంపు ఉండాలి.

ఒంగోలు జాతి దూడకు ముట్టె, కనురెప్పల వెంట్రుకలు, తోక కుచ్చు, గిట్టలు నల్లగా ఉండాలి. తోక కుచ్చు తెల్లగా ఉంటే ప్రదర్శనలో దోషమే గాని, అరక దున్నడానికి అడ్డు కాదు. కాలి వంకర మాత్రం రెండింటికీ అడ్డే.

కాటా లేనిచోట టేపుతో బరువు అంచనా వేయవచ్చు. ఛాతి చుట్టుకొలతను అంగుళాలలో తీసి, దానిని దానితోనే హెచ్చవేయాలి. వచ్చినదానిని భుజం మొన నుంచి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో హెచ్చవేసి 300తో భాగిస్తే పౌన్లు వస్తాయి. చుట్టుకొలత 50, పొడవు 42 అయితే 350 పౌన్లు, అంటే సుమారు 159 కిలోలు.

ఒక ఊరి ప్రదర్శనలో బొజ్జ వేలాడుతూ, వెంట్రుక గరుకుగా ఉన్న దూడను మేము పక్కన పెట్టాము. యజమాని పశువైద్యుని సలహాపై నట్టల మందు పట్టించి, మేత పెంచాడు. మరుసటి ఏడు అదే దూడ ముందు వరుసలో నిలిచింది. ఆకలిని జాతి దోషంగా ఎంచడం మా పొరపాటు.

ఎముక వంకర సరికాదు, తగ్గిన కండ తిరిగి వస్తుంది. కాబట్టి చిక్కిన దూడకు మందు పట్టించి, రెండు మూడు నెలలు మేపి చూచి, ఆపైన బేరం సంగతి ఆలోచించండి.