అమ్మ కంచంలో రొట్టె

ఆదోని, ఎమ్మిగనూరు. ఈ రెండూ కర్నూలు జిల్లాకు పడమటి వైపున్న ఊళ్లు. ఆదోని అంటే పత్తి మార్కెట్టు గుర్తుకొస్తుంది. ఎమ్మిగనూరు అంటే మగ్గం గుర్తుకొస్తుంది. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరు నేతగాళ్లను కూడగట్టారు. వాళ్ల కోసం సహకార సంఘం పెట్టించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ బిరుదు వచ్చింది. ఆనాటితో పోలిస్తే ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయాయి. అయినా కొన్ని ఇళ్లలో మగ్గం చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఎమ్మిగనూరులో అట్లాంటి ఇల్లు ఒకటి ఉందనుకుందాం. ఆ ఇంట్లో అయిదుగురు ఉంటారు. తండ్రి మగ్గం నేస్తాడు. తల్లి వంట చేస్తుంది, నీళ్లు పడుతుంది, రాట్నం మీద కండెలు చుడుతుంది. అవ్వ పాత చీరలతో బొంతలు కుడుతుంది. కూతురు ఎనిమిదో తరగతి. కొడుకు అయిదో తరగతి. ఇది ఆ ఇంటి కథ.

కళ్లు తిరిగినాయి

కూతురికి పరుగంటే ప్రాణం. బడిలో పరుగు పందెం పెడితే ఆ పిల్లదే ముందు. డిసెంబరులో ఆదోనిలో ఆటల పోటీలు ఉన్నాయి. బడి తరఫున ఆమెను పంపుతామని ఆటల సారు చెప్పాడు.

ఆగస్టు నెలలో ఒక రోజు సాయంత్రం ఆ పిల్ల బడి మైదానంలో పరుగెత్తుతోంది. రెండో చుట్టు సగం అయింది. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. అక్కడే కూలబడింది. తోటి పిల్లలు ఇంటికి తీసుకొచ్చారు.

"ఏమైంది తల్లీ?" అని అవ్వ అడిగింది.

"కళ్లు తిరిగినాయి అవ్వా. గుండె దడదడ కొట్టుకునింది."

తండ్రికి కోపం వచ్చింది. "ఆడపిల్లకు పరుగెందుకు? చాలు ఇంక. బడి మానేసి మీ అమ్మ పక్కన కూర్చొని కండెలు చుట్టనీ" అన్నాడు.

కూతురు ఏమీ మాట్లాడలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. తల్లి ఆ రాత్రి నిద్రపోలేదు. చిన్నప్పుడు తననూ ఇట్లాగే బడి మాన్పించారు. సుగ్గి పనికి ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోయేవాళ్లు. తిరిగొచ్చేసరికి పాఠాలు అయిపోయేవి. చివరికి బడే పోయింది. రెండేళ్ల కిందట రాత్రి బడిలో చేరి, తల్లి అక్షరాలు నేర్చుకుంది. కూతురికి మాత్రం అట్లా కాకూడదు అనుకుంది.

రక్త పరీక్ష

మరునాడు తల్లి కూతురిని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయింది. నర్సమ్మ వేలి చివర చిన్న సూదితో పొడిచి రక్తం తీసింది. చీటీ రాసిచ్చింది. తల్లి ఆ చీటీని తానే కూడబలుక్కొని చదివింది. "9.8" అని ఉంది.

"12 ఉండల్ల. మీ పాపకు రక్తం తక్కువగా ఉంది. నీకెంతుందో చూద్దాం, చెయ్యి ఇట్లా ఇయ్యి" అంది నర్సమ్మ.

తల్లికి 8.6 వచ్చింది. కూతురి కన్నా తక్కువ!

రక్తంలో ఎర్ర రంగు పదార్థం ఒకటి ఉంటుంది. దాని పేరు హిమోగ్లోబిన్. మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువును అది ఒళ్లంతా మోసుకుపోతుంది. దాని తయారీకి ఇనుము కావాలి. ఇనుము చాలకపోతే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. అప్పుడు ఆయాసం వస్తుంది. కళ్లు తిరుగుతాయి. పని చేయబుద్ధి కాదు. చదివింది గుర్తుండదు. దీన్నే రక్తహీనత అంటారు.

ఆడవాళ్లకు నెలనెలా బహిష్టు అవుతుంది. రక్తం పోతుంది. కాన్పులోనూ పోతుంది. అందుకే మగవాళ్ల కన్నా ఆడవాళ్లకు ఇనుము ఎక్కువ కావాలి. కానీ ఇంట్లో అందరికన్నా తక్కువ తినేది వాళ్లే. 2019-21లో దేశమంతటా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ సంగతి బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ప్రతి 100 మందికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది.

నర్సమ్మ ఇద్దరికీ ఐరన్ మాత్రలు ఇచ్చింది. కడుపులో నులిపురుగులకు మందు ఇచ్చింది. "మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా వస్తాది, భయపడొద్దండి. మాత్రతో పాటు టీ తాగొద్దండి. అన్నం తిన్న వెంటనే కూడా తాగొద్దండి. టీ ఇనుమును ఒంటికి పట్టనియ్యదు" అని చెప్పింది.

కూతురు తల వంచుకుంది. బడిలో వారానికి ఒకసారి ఐరన్ మాత్ర ఇస్తారు. నోరు బాగుండదని ఆమె దాన్ని పారేసేది.

అవ్వ నాటి రొట్టె

ఇంటికొచ్చి సంగతి చెప్పారు. అవ్వ అంతా విని ఇట్లా అంది.

"మా కాలంలో పొద్దున జొన్న రొట్టె, రాత్రి సజ్జ రొట్టె. కొర్రన్నం తినేవాళ్లం. పండగకే వరి అన్నం. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నమే. పలచని చారు. రొట్టె తింటే పేదోళ్లంటారని మానేస్తిమి."

అవ్వ మాటలో నిజం ఉంది. 100 గ్రాముల సజ్జల్లో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. రాగుల్లో ఎముకలకు బలమిచ్చే కాల్షియం ఎక్కువ. వేరుశెనగ గింజల్లో కండకు కావలసిన మాంసకృత్తులు ఉంటాయి. ఇవన్నీ మన మెట్ట పొలాల్లో పండేవే. వీటి విలువ అందరికీ తెలియాలని ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది.

మరునాటి నుంచి పొయ్యి మీదికి పెనం ఎక్కింది. అవ్వ మనవరాలికి రొట్టె చేయడం నేర్పింది.

జొన్న రొట్టె చేసే పద్ధతి ఇది:

1. నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి బాగా కాగనివ్వాలి.
2. జొన్న పిండి మధ్యలో గుంట చేసి, కాగిన నీళ్లు పోసి గరిటెతో కలపాలి.
3. చెయ్యి పట్టే వేడికి రాగానే మెత్తగా పిసకాలి.
4. పీట మీద పొడి పిండి చల్లి, ముద్దను తిప్పుతూ అరచేత్తో తట్టాలి.
5. పొడి పిండి అంటిన వైపు పైకి వచ్చేట్టు కాలిన పెనం మీద వేయాలి. పైన తడి గుడ్డతో అద్దాలి.
6. తడి ఆరగానే తిప్పాలి. రెండు వైపులా కాల్చాలి.

"వేడి నీళ్లే ఎందుకు అవ్వా?" అని మనవరాలు అడిగింది. గోధుమ పిండిలో జిగురు ఉంటుంది. చన్నీళ్లతో కలిపినా సాగుతుంది. జొన్న పిండిలో ఆ జిగురు లేదు. వేడి నీళ్లు తగిలితేనే ముద్ద కట్టి నిలుస్తుంది. లేకపోతే రొట్టె విరిగిపోతుంది. సజ్జ రొట్టె కూడా ఇట్లాగే చేస్తారు. అయితే సజ్జ పిండి తొందరగా చేదెక్కుతుంది. అందుకే కొద్దికొద్దిగానే ఆడించుకోవాలి.

రొట్టెలోకి తోటకూర పప్పు, మునగాకు వేపుడు, వేరుశెనగ పొడి చేసుకున్నారు. పప్పులో నిమ్మకాయ పిండుకున్నారు. పులుపున్న నిమ్మ, ఉసిరి, జామ వంటివి తింటే ఆకుకూరలోని, ధాన్యంలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

రొట్టెల లెక్క

రెండు నెలలు గడిచాయి. మళ్లీ పరీక్ష చేయించారు. కూతురికి 11.2 వచ్చింది. తల్లికి 8.8 మాత్రమే వచ్చింది.

నర్సమ్మ అడిగింది. "మాత్రలు వేసుకుంటున్నావా?"

"పనిలో పడి మర్చిపోతాను."

"రొట్టెలు తింటున్నావా?"

తల్లి జవాబు చెప్పలేదు.

ఆ రాత్రి కూతురు నోటు పుస్తకం తెచ్చింది. "అమ్మా, ఈ రోజు చేసిన రొట్టెలు ఎవరెవరు తిన్నారో రాయి" అంది. తల్లి రాసింది.

నాయన – 4
తమ్ముడు – 3
అవ్వ – 2
పాప – 2
నేను – 1

మొత్తం 12. ఆ ఒక్కటి కూడా చివరిది, మాడినది. పప్పు గిన్నె అప్పటికే ఖాళీ. ఆకలి తెలియకుండా తల్లి టీ తాగి పడుకునేది.

"ఇప్పుడు పొద్దున లేచినప్పటి నుంచి చేసిన పని రాయి" అంది కూతురు. తల్లి రాసుకుంటూ పోయింది. నీళ్లు పట్టడం. కసవు ఊడ్చడం. పిండి కలపడం, రొట్టెలు తట్టడం. గిన్నెలు తోమడం. గుడ్డలు ఉతకడం. కండెలు చుట్టడం, నాలుగు గంటలు. మళ్లీ వంట. పేజీ నిండిపోయింది.

"పందెంలో పరుగెత్తేది నేను కాదమ్మా, నువ్వే" అంది కూతురు.

తండ్రి ఆ పుస్తకం అడిగి తీసుకున్నాడు. రెండు పేజీలూ చదివాడు. కండెల లెక్క దగ్గర ఆగాడు. చేత్తో మగ్గం నేయాలంటే పేకకు నూలు కండెలు చుట్టి ఉండాలి. నాడెలో కండె లేకపోతే మగ్గం ఆగిపోతుంది. ఆ పని రోజూ భార్యే చేస్తోంది. 2019-20 చేనేత లెక్కల ప్రకారం దేశంలోని చేనేత పనివాళ్లలో ప్రతి 100 మందికి 70 మందికి పైగా ఆడవాళ్లే. అయినా నేత అంటే మగవాళ్ల పని అనే అనుకుంటారు.

"ఒక్క రొట్టె తిని ఇంత పని చేస్తుంటివా?" అన్నాడు తండ్రి నెమ్మదిగా. "నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడూ అడగలేదు" అంది తల్లి.

అవ్వ నొచ్చుకుంది. "నాదీ తప్పే. మగోళ్లు తిన్నాకనే కోడలు తినల్లని నేనే నేర్పిస్తి. మా అత్త నాకు నేర్పించింది" అంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. రొట్టెలన్నీ చేశాక అందరూ ఒకసారే కూర్చుంటారు. ముందే పంచుకుంటారు. రొట్టెలు 12 నుంచి 15 అయ్యాయి. తల్లికి మూడు, కూతురికి మూడు. తినగానే తల్లికి మాత్ర ఇచ్చే పని కొడుకుది. సాయంత్రం నీళ్లు పట్టే పని తండ్రిది.

పిండి ఖర్చు కొంచెం పెరిగింది. అవ్వ కుట్టిన రెండు బొంతలు అమ్మి ఆ ఖర్చు సర్దుకున్నారు. పాత చీర పొరల మధ్య చిరిగిన గుడ్డలు పరిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే బొంత బరువుగా, వెచ్చగా ఉంటుంది. అవ్వ చేతి కుట్టుకు ఇరుగు పొరుగులో మంచి పేరు ఉంది. ఇన్నాళ్లూ ఊరికే ఇచ్చేది. ఇప్పుడు వెల కట్టి ఇచ్చింది.

ఇద్దరు పరుగు వీరులు

ఒక రోజు కూతురు బడిలో సారు చెప్పిన సంగతి ఇంట్లో చెప్పింది.

పి.టి. ఉష కేరళ అమ్మాయి. 1984లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ ఆటల్లో 400 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది. సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోయింది. నాలుగో స్థానం వచ్చింది. అక్కడి తిండి పడక, గంజి, ఊరగాయతో సరిపెట్టుకున్నానని, ఆఖరి మీటర్లలో శక్తి చాలలేదని ఆమె 2018లో చెప్పింది.

ఇంకొక అమ్మాయి జీవాంజి దీప్తి. వరంగల్ జిల్లా కల్లెడ ఊరు. తల్లిదండ్రులు కూలి చేసుకునేవాళ్లు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న పిల్ల. ఊళ్లో ఎగతాళి చేసినా తల్లిదండ్రులు ఆమెను వదల్లేదు. 2024లో పారిస్ పారాలింపిక్ ఆటల్లో 400 మీటర్ల పరుగులో ఆమె కంచు పతకం తెచ్చింది.

తండ్రి మగ్గం ఆపి విన్నాడు. "పోటీ ఎప్పుడు?" అని అడిగాడు.

ఆదోని మైదానం

డిసెంబరులో తల్లీ తండ్రీ ఇద్దరూ బస్సెక్కి ఆదోని పోయారు. ఆ రోజు మగ్గానికి సెలవు. కూతురు పొద్దున రొట్టె, వేరుశెనగ పొడి తినింది. బెల్లం ఉండ ఒకటి జేబులో పెట్టుకుంది.

ఈల మోగింది. పిల్లలు పరుగు తీశారు. మొదటి చుట్టు అయింది. రెండో చుట్టు సగం వచ్చింది. తల్లి గుండె ఆగినంత పనైంది. అక్కడే కదా ఆనాడు పడిపోయింది! కూతురు పడలేదు. ఆగలేదు. గీత దాటింది.

నాలుగో స్థానం వచ్చింది. బహుమతి రాలేదు.

"కళ్లు తిరిగినాయా?" అని తల్లి అడిగింది.

"లేదమ్మా! వచ్చే ఏడు చూడు" అంది కూతురు రొప్పుతూ, నవ్వుతూ.

తండ్రి ఇంటికొచ్చాక బడి మాట ఎత్తలేదు. కండెల మాటా ఎత్తలేదు. రాత్రి అందరూ కూర్చున్నప్పుడు మొదటి రొట్టె తీసి భార్య కంచంలో వేశాడు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. కూతురి కన్నా తల్లికి రక్తం ఎందుకు తక్కువగా ఉంది?
2. ఇంట్లో మంచి వంట మొదలైనా తల్లికి ఎందుకు మేలు జరగలేదు?
3. మీ ఇంట్లో చివర తినేది ఎవరు? ఎందుకు?
4. మీరు ఊరికే చేసే పనుల్లో వెల కట్టదగిన పని ఏది?

చేసి చూడండి

ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరు ఎంత తిన్నారో పుస్తకంలో రాయండి. మీ పేరు కూడా రాయండి. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ఈ నెలలోనే దగ్గరి ఆసుపత్రికి పోయి రక్త పరీక్ష చేయించుకోండి. చీటీలోని అంకె మీరే చదవండి. గర్భిణులకు 11, మిగతా ఆడవాళ్లకు 12 ఉండాలి. తగ్గితే తిండి ఒక్కటే చాలదు, మాత్రలు కూడా వేసుకోవాలి. 8 కన్నా తగ్గితే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.