ఓకే పుట్టుపూర్వోత్తరాలు

బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. నోరు తిరగని మాటలకైతే పిల్లలు డిక్షనరీ తిరగేస్తారు గానీ, పొద్దున లేచింది మొదలు వాడే 'ఓకే' ఎక్కడిదని ఎవరూ అడగరు. అడక్కపోయినా చెబుతున్నాను.

1. తారీఖు లేని పుట్టుక కథను నమ్మకండి. ఓకే చోక్తా అనే అమెరికా ఆదివాసుల భాషలోంచి వచ్చిందని కొందరంటారు. స్పెల్లింగులు సరిగా రాని ఆండ్రూ జాక్సన్ అనే అధ్యక్షుడి పుణ్యమని ఇంకొందరు. వినడానికి రెండూ బాగానే ఉంటాయి. 1839 మార్చి 23 నాటి 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' పత్రికలో మాత్రం ఈ మాట అచ్చులో కనబడుతుంది. అలన్ వాకర్ రీడ్ అనే పండితుడు పాత పత్రికలన్నీ గాలించి, 1960లలో ఈ సంగతి నిగ్గు తేల్చాడు.

2. వేళాకోళాన్ని తక్కువ అంచనా వేయకండి. ఆ రోజుల్లో బోస్టన్ పత్రికల వాళ్లకి మాటల్ని కావాలని తప్పుగా రాసి, వాటి మొదటి అక్షరాలతో ముచ్చటపడే సరదా ఉండేది. 'ఆల్ రైట్'ని 'ఓ.డబ్ల్యూ.' అనేవారు. అది అక్కడే ఆగిపోయింది. 'ఆల్ కరెక్ట్'కి రావలసిన అక్షరాలు ఎ, సి. వాళ్లు రాసినవి ఓ, కె. అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటలో ఒక్క అక్షరమూ సరైంది కాదన్నమాట! ఇంతకన్నా మంచి జోకు నేను ఏ వ్యాకరణ పుస్తకంలోనూ చూడలేదు.

3. మాటకీ కాలం కలిసి రావాలి. మరుసటేడే, 1840లో అధ్యక్ష ఎన్నికలు. పోటీలో ఉన్న మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. 'ఓల్డ్ కిండర్‌హుక్' అని ఆయనకి ముద్దుపేరు. ఇంకేముంది, అభిమానులు ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన హారిసన్ చేతిలో ఓడిపోయాడు గానీ, మాట ఊరూరా పాకింది.

4. ఓకే అన్నారని మురిసిపోకండి. గుత్తివంకాయ కూర వడ్డించి "ఎలా ఉంది?" అని అడిగితే "ఓకే" అన్నారంటే, పర్లేదన్నారని అర్థం. ఇంగ్లీషువాళ్లకీ అంతే. అదే "సంబంధం ఓకే అయింది" అంటే తాంబూలాలకి ముహూర్తం చూసుకోవచ్చు. డైరెక్టర్ "షాట్ ఓకే" అంటే మళ్లీ తీయనక్కర్లేదు.

5. రెండు పెద్దక్షరాలుగా రాసినా, ఓ-కె-ఎ-వై అని నాలుగక్షరాలు రాసినా ఒప్పే. ఉద్యోగానికి పెట్టే దరఖాస్తులో మాత్రం ఏదీ వద్దు. ఫోన్లో పెద్దవాళ్లకి ఒంటి 'కె' పంపకండి, విసుక్కున్నట్టుంటుంది.

6. ఇది మాస్టార్లకి. పాఠం అయ్యాక "ఓకేనా?" అంటే, అర్థమైనా కాకపోయినా క్లాసంతా "ఓకే సార్" అంటుంది, గంట కొట్టే వేళైతే మరీనూ. ఆ ప్రశ్న మానేసి, వెనక బెంచీ కుర్రాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి ఒక వాక్యం రాయించండి.